ఎర్రమట్టి దిబ్బలకు వెళ్తున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

వైజాగ్ వచ్చే చుట్టాలు ఒకప్పుడు ఆర్కే బీచ్, కైలాసగిరి, అరకు అని అడిగేవారు. ఇప్పుడు ఫోన్‌లో ఒక ఫొటో చూపించి "ఇది నిజంగా ఇక్కడేనా?" అంటున్నారు. ఇక్కడే. భీమిలికి కాస్త ఇవతల. వెళ్లే ముందు అందరూ అడిగే ప్రశ్నలకు, అడగకపోయినా తెలుసుకోవలసిన కొన్నింటికి ఇక్కడ జవాబులు ఉన్నాయి.

ఎర్రమట్టి దిబ్బలు సరిగ్గా ఎక్కడ ఉన్నాయి?

విశాఖపట్నం నుంచి భీమునిపట్నం (భీమిలి) వెళ్లే బీచ్ రోడ్డులో ఉన్నాయి. నగరం నుంచి దాదాపు 20 కిలోమీటర్లు, భీమిలి ఇంకో 4 కిలోమీటర్లు ఉందనగా వస్తాయి. నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ కళింగ గుర్తు పెట్టుకుంటే దారి సులువు. తీరం వెంబడి కొన్ని కిలోమీటర్ల పొడవున పరుచుకున్న దిబ్బలివి. కొన్నిచోట్ల వెడల్పు రెండు వందల మీటర్లే ఉంటుంది, కొన్నిచోట్ల రెండు కిలోమీటర్ల దాకా పోతుంది. కాబట్టి రోడ్డు మీద నుంచి కనిపించే ఒక గుట్ట దగ్గర సెల్ఫీ దిగి "చూసేశాం" అనుకుని వచ్చేయకండి. అసలు సంగతంతా లోపలే ఉంది.

ఇది ఎడారా? ఇవి రాళ్లా, మట్టా?

ఫొటోల్లో చూస్తే రాజస్థానో, ఏదో విదేశమో అనిపిస్తుంది గానీ ఎడారి కాదు. ఏడాదికి దాదాపు వెయ్యి మిల్లీమీటర్ల వాన పడే ప్రాంతాన్ని ఎడారి అనలేం. పైగా ఎడారిలో ఆకారాలను గాలి చెక్కుతుంది. ఇక్కడ దిబ్బలు వేయడంలో గాలికి వాటా ఉన్నా, వాటిని కోసి ఇప్పుడు మనం చూస్తున్న గోడలుగా, లోయలుగా, శిఖరాలుగా మలిచింది వాన నీరే.

రాళ్లు కూడా కావు. దూరం నుంచి రాతి గోడలా కనిపించేది దగ్గరికెళ్లి గోటితో గీకితే రాలిపోతుంది. అది పేరుకుపోయిన ఇసుక, అందులో కొంచెం బంకమట్టి, ఇనుము తుప్పు. అంతే. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే ఎక్కడ నడవాలి, ఎక్కడ నిలబడకూడదు అనే సగం ప్రశ్నలకు జవాబు దొరికినట్టే.

సముద్రం ఒడ్డున అంత ఇసుక గుట్టలుగా ఎలా చేరింది? ఎరుపు ఎక్కడిది?

కథ తూర్పు కనుమల్లో మొదలవుతుంది. ఆ కొండల్లో ఖోండలైట్ అనే రాయి ఎక్కువ. అది ఎండకు, వానకు పొడిపొడి అయితే క్వార్ట్జ్ ఇసుకతో పాటు గార్నెట్, ఇల్మనైట్, సిల్లిమనైట్ లాంటి బరువైన ఖనిజాలు బయటపడతాయి. వాగులు, నదులు వాటిని సముద్రానికి చేరుస్తాయి. భీమిలి బీచ్‌లో ఇసుక మీద కనిపించే నల్లటి చారలు ఈ ఖనిజాలవే. మురికి అనుకుని పక్కకు జరగనక్కర్లేదు.

సుమారు 20,000 సంవత్సరాల క్రితం, మంచు యుగం ఉధృతంగా ఉన్నప్పుడు, ప్రపంచమంతటా సముద్ర మట్టం ఇప్పటికంటే 120 మీటర్లు కిందకు పోయింది. ఇప్పుడు నీళ్లలో ఉన్న నేల చాలావరకు అప్పుడు ఆరుబయట ఉండేది. ఆరిన ఆ ఇసుకను గాలి ఎత్తి ఒడ్డు వైపు పోసింది. గాలి ఒక్కటేనా, వాగులు తెచ్చిన మట్టి కూడా కలిసిందా అనే చర్చ శాస్త్రవేత్తల్లో ఇంకా నడుస్తూనే ఉంది. పొరలు చూస్తే రెండింటి పాత్రా ఉన్నట్టే అనిపిస్తుంది.

ఎరుపు మాత్రం తరవాత వచ్చింది. ఇసుకలోని గార్నెట్ వంటి ఖనిజాలు వేడికి, తేమకు మెల్లగా శిథిలమై లోపలి ఇనుమును వదులుతాయి. ఆ ఇనుము గాలి తగిలి తుప్పు పడుతుంది. బూందీకి పాకం పట్టినట్టు ప్రతి రేణువు చుట్టూ ఆ తుప్పు పలచగా పడుతుంది. లోపల రేణువు తెల్లనిదే, పై తొడుగు ఎర్రనిది. రేణువుకూ రేణువుకూ మధ్య కాస్త పట్టు ఇస్తున్నదీ ఈ తుప్పు, బంకమట్టే. పట్టు బలహీనం కాబట్టే నీళ్లు అంత సులువుగా కోసేస్తున్నాయి.

ఇలాంటివి ఇంకెక్కడైనా ఉన్నాయా?

దక్షిణాసియాలో చాలా తక్కువ. తమిళనాడులో తూత్తుకుడి, తిరునల్వేలి వైపు 'తేరి' అనే ఎర్ర ఇసుక నేలలు ఉన్నాయి, శ్రీలంక తీరంలో ఇంకొన్ని. అయితే తేరి నేలలు చాలావరకు అలలు అలలుగా పరుచుకుని ఉంటాయి. ఇంత లోతుగా కోసుకుపోయిన లోయలు చూడాలంటే మాత్రం భీమిలి దారే పట్టాలి. మన ఊరిదని చెప్పడం లేదు, నిజంగానే.

వీటికి గుర్తింపు ఎప్పుడు వచ్చింది? యునెస్కో జాబితాలో ఉన్నాయంటున్నారు, నిజమేనా?

ఈ దిబ్బల గురించి 1886లోనే భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ రాశాడు. అదే సంస్థ 2014లో దీన్ని జాతీయ భూవారసత్వ ప్రదేశంగా ప్రకటించింది. 2016లో రాష్ట్ర ప్రభుత్వం రక్షిత ప్రదేశాల్లో చేర్చింది. 2025 సెప్టెంబరులో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కింది. అదే విడతలో తిరుమల కొండలు కూడా ఉన్నాయి.

తాత్కాలిక జాబితా అంటే ప్రపంచ వారసత్వ హోదా వచ్చేసినట్టు కాదు. ఆ హోదాకు మన దేశం ముందుముందు ప్రతిపాదించాలనుకుంటున్న స్థలాల వరుసలో పేరుందని అర్థం. వాట్సాప్‌లో తిరిగే శుభాకాంక్షలు కొంచెం తొందరపడ్డాయి.

ఎలా వెళ్లాలి?

సొంత బండి ఉంటే ఆలోచించక్కర్లేదు. బీచ్ రోడ్డు ఎక్కి తెన్నేటి పార్కు, సాగర్‌నగర్, రుషికొండ, మంగమారిపేట మీదుగా నేరుగా వెళ్లిపోవడమే. కుడి చేతి వైపు సముద్రం చాలా దూరం తోడొస్తుంది. దారే సగం టూరు.

బస్సయితే బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్లే 900కే ఎక్కండి. 999 కూడా భీమిలికే వెళ్తుంది గానీ అది బీచ్ దారిలో రాదు, దిబ్బలకు పనికిరాదు. కండక్టర్‌కు ముందే "ఎర్రమట్టి దిబ్బల దగ్గర దింపండి" అని చెప్పి కూర్చోండి.

ఆటో, యాప్ క్యాబ్‌లతో అసలు టెన్షన్ తిరుగు ప్రయాణంలోనే. వెళ్లేటప్పుడు తేలిగ్గా దొరికిన క్యాబ్ తిరిగి రావడానికి దొరక్కపోవచ్చు. ఆటో మాట్లాడుకుంటే వెయిటింగ్‌తో సహా రానూపోనూ కలిపి మాట్లాడుకోవడం మంచిది. లేదంటే భీమిలి వైపు వెళ్లే ఏదో ఒకటి ఎక్కి అక్కడి నుంచి బస్సులో నగరానికి రండి.

ఏ నెలలో, ఏ వేళకు వెళ్తే బాగుంటుంది?

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు హాయిగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం తొమ్మిది దాటితే ఆ గోడల మధ్య గాలి ఆడదు. సముద్రం పక్కనే కదా చల్లగా ఉంటుంది అనుకుని వెళ్లినవాళ్లు ఎర్రటి మొహాలతో బయటకొస్తారు.

వేళ విషయంలో నా మాట వింటే పొద్దున్నే వెళ్లండి. సూర్యుడు సముద్రం వైపు నుంచి లేస్తాడు. ఏటవాలు వెలుగు గోడల మీద పడినప్పుడు ప్రతి గాడి, ప్రతి పొర విడివిడిగా కనిపిస్తుంది. మధ్యాహ్నం అదే గోడ వెలిసిపోయిన గోనెపట్టా రంగులోకి మారిపోతుంది, నీడలుండవు, లోతు తెలియదు. చాలామంది భోజనం చేసి మూడింటికి బయల్దేరి నాలుగున్నరకు చేరుకుంటారు. సాయంత్రం వెలుగు కూడా అందమే, కాదనను. కానీ సూర్యుడు పడమటి కొండల వెనక్కి జారగానే లోయల్లో తొందరగా చీకటి పడుతుంది. దారి తెలియని చోట ఆ చీకటి మంచిది కాదు.

లోపల ఎలా నడవాలి? దారి తప్పుతామా?

తప్పుతారు. నిక్షేపంగా తప్పుతారు.

పైనుంచి చూస్తే ఈ వాన కోతలు చెట్టు కొమ్మల ఆకారంలో ఉంటాయి. సన్న కాలువలు కలిసి పెద్దవి, పెద్దవి కలిసి ఇంకా పెద్దవి. అడుగున నడిచేవాడికి ఇదంతా కనిపించదు. రెండు వైపులా ఎర్రటి గోడ, పైన ఒక పేలిక ఆకాశం. మూడు మలుపులు తిరిగేసరికి ఏ సందులోంచి వచ్చామో మర్చిపోతాం. అన్ని సందులూ ఒకేలా ఉంటాయి.

బండి పెట్టిన చోటును బయల్దేరే ముందే ఫోన్ మ్యాప్‌లో సేవ్ చేసుకోండి. లోయ అడుగున సిగ్నల్ సన్నగిల్లవచ్చు కాబట్టి మ్యాప్‌ను ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే మేలు. కాలువలు రెండుగా చీలే ప్రతి చోటా వెనక్కి తిరిగి ఒక ఫొటో తీసుకోండి. తిరిగొచ్చేటప్పుడు మీకు కనిపించేది ఆ దృశ్యమే. గోడ మీద బాణం గుర్తులు గీయకండి, దయచేసి. మరీ తికమకపడితే వాన నీరు ఎటు పారిందో చూడండి. అడుగున ఇసుక మీద ఆ జాడ తెలుస్తుంది. ఇక్కడి గెడ్డల వాలు చివరికి సముద్రం వైపే. పైకి పోతున్న కొద్దీ సందులు ఇరుకై ఎక్కడో గోడకు తగులుకుని ఆగిపోతాయి. కిందకు నడిస్తే విశాలమవుతాయి.

ఇక ముఖ్యమైనది. అడుగున నడవండి, అంచుల మీద కాదు. గోడ పైఅంచు గట్టి నేలలా కనిపిస్తుంది, గడ్డి కూడా మొలిచి ఉంటుంది. కింద ఇసుక జారిపోయి అది ఉత్త చూరులా గాలిలో నిలబడి ఉండవచ్చు. మనిషి బరువుకు పెళ్ల మొత్తం ఊడి పడుతుంది. అలాగే నిటారు గోడ మొదట్లో నీడ బాగుందని చాప పరుచుకుని టిఫిన్ బాక్సులు విప్పకండి, ముఖ్యంగా వాన పడిన మర్నాడు.

లోపలికెళ్లాక ఏం చూడాలి? అంతా ఎరుపే కదా?

అంతా ఎరుపు కాదు, అక్కడే ఉంది తమాషా. లోతైన కోత దగ్గర నిలబడి గోడను కింద నుంచి పైకి నిదానంగా చూడండి. అడుగున పసుపు ఇసుక, దాని మీద ఎరుపు గోధుమ రంగులో గడ్డలు గడ్డలుగా ఉండే పొర, ఆ పైన ఇటుక ఎరుపు, కొన్నిచోట్ల అన్నింటి మీదా మళ్లీ లేత పసుపు ఇసుక. ఒక్కో రంగు ఒక్కో కాలం.

గడ్డల పొర దగ్గర కాసేపు ఆగండి. పిల్లనగ్రోవి ముక్కల్లా సన్నటి గొట్టాలు గోడలోంచి పొడుచుకొచ్చి కనిపిస్తాయి. ఒకప్పుడు ఇక్కడ పెరిగిన మొక్కల వేళ్ల చుట్టూ ఖనిజాలు పేరుకుని గట్టిపడ్డవి అవి. వేరు ఎప్పుడో కుళ్లిపోయింది, దాని ఆకారం మిగిలింది. వాటిని లాగి చూడాలనిపిస్తుంది. చూపుతోనే సరిపెట్టుకోండి.

చేతిలో భూతద్దం ఉంటే ఇంకా బాగుంటుంది. అడుగున రాలి పడ్డ ఇసుక చిటికెడు అరచేతిలో వేసుకుని రెండు చుక్కల నీళ్లు పోసి బొటనవేలితో రుద్దండి. ఎరుపు కొంత నీళ్లలోకి దిగి, అరచేతి గీతల్లోకి పాకుతుంది. మిగిలిన రేణువుల్లో కొన్ని గాజులా మెరుస్తాయి, అవి క్వార్ట్జ్. నల్లగా ఉన్నవి ఎక్కువగా ఇల్మనైట్. గులాబీ రంగులో ఒకటో రెండో దొరికితే అది గార్నెట్, మన నగల షాపుల్లో గోమేధికంగా చలామణీ అయ్యే రాయికి దూరపు చుట్టం.

ఈ దిబ్బల్లో ఆదిమానవుల రాతి పనిముట్లు కూడా పురావస్తు పరిశోధకులకు దొరికాయి. పదునైన చిన్న రాతి పెచ్చు ఎక్కడైనా కనిపిస్తే ఉన్నచోటే ఫొటో తీసి వదిలేయండి. అది ఏ పొరలో ఉందన్నదే దాని విలువ. జేబులో వేసుకున్న క్షణం నుంచి అది వట్టి రాయి.

పిల్లలను, పెద్దవాళ్లను తీసుకెళ్లవచ్చా?

పిల్లలకు పండగే. చెయ్యి మాత్రం వదలకండి, గోడలు ఎక్కనివ్వకండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు మొదట్లో విశాలంగా ఉన్నచోట కాస్త తిరిగి ఆగిపోతే చాలు, లోపల వదులు ఇసుకలో నడక అలసట. చక్రాల కుర్చీ సాగదు. లోపల కూర్చోవడానికి బెంచీలు, నీళ్లు, బాత్రూమ్‌లు ఉంటాయన్న ఆశ పెట్టుకోకుండా దారిలోనే ఆ పనులు చూసుకుని రండి.

ఏం వేసుకోవాలి, ఏం తీసుకెళ్లాలి?

మడమ మూసిన బూట్లు. మనిషికి లీటరు నీళ్లు, ఎండాకాలమైతే రెండు. టోపీ. తెల్ల బట్టలు ఫొటోలో బాగుంటాయి నిజమే, తరవాత ఉతికేది ఎవరో ముందే తేల్చుకోండి.

వానాకాలంలో వెళ్లవచ్చా?

చినుకు పడి వెలిసిన ఉదయం ఆ ఎరుపు చూడాలంటే రెండు కళ్లూ చాలవు. కానీ వాన పడుతుండగా మాత్రం కాలువల్లోకి దిగకండి. మీరు నిలబడ్డ సందు నీళ్లు పోవడానికి పుట్టిన సందు. పైన ఎక్కడో కురిసిన వాన ఎర్రటి బురద నీరై ఒక్కసారిగా వచ్చేస్తుంది, గోడలూ అప్పుడే విరిగి పడతాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో అల్పపీడనం వార్త వింటే టూరు వాయిదా వేసుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానును చూసిన ఊరికి ఇది ఎక్కువ చెప్పక్కర్లేదు.

పాములుంటాయా?

ఉంటాయి. ముళ్ల పొదలు, జీడిమామిడి తోటలు, ఎండు ఆకులు ఉన్నచోట ఉండకుండా ఎక్కడికి పోతాయి? ఖాళీ ఇసుకలో నడిస్తే దూరం నుంచే కనిపిస్తాయి. పొదల్లో చేతులు పెట్టకండి, బంతి పోతే పోనీ.

ఫొటోలు, డ్రోన్లు, ప్రీవెడ్డింగ్ షూట్ల సంగతేమిటి?

మామూలు ఫొటోలకు ఎవరూ ఏమీ అనరు. కెమెరాను నౌకాదళ స్థావరం వైపు మాత్రం తిప్పకండి. డ్రోన్ అయితే అనుమతి లేకుండా బ్యాగులోంచే తీయొద్దు. పక్కనే రక్షణ శాఖ స్థలం ఉంది, "తెలియదు సార్" అంటే వినరు.

ప్రీవెడ్డింగ్ షూట్ల మీద నాకు కోపం లేదు, ఎరుపు ముందు పట్టుచీర నిజంగానే బాగుంటుంది. కోపమల్లా పొగ బాంబులు, థర్మకోల్ బంతులు, ప్లాస్టిక్ పూల రేకులు వాడి అక్కడే వదిలేసి పోయేవాళ్ల మీద. తరవాతి వానకు అవన్నీ కొట్టుకుపోయి జాలర్ల వలల్లో తేలతాయి. గోడ మీద గుండె బొమ్మ చెక్కి రెండు పేర్లు రాసేవాళ్ల గురించి ఇంక చెప్పేదేముంది. ఆ గీతలోంచే మొదటి వాన నీరు లోపలికి దిగుతుంది, అక్కడి నుంచే పెళ్ల ఊడుతుంది.

ఒక సీసాడు ఎర్ర ఇసుక ఇంటికి తెచ్చుకోవచ్చా?

వద్దు. రక్షిత స్థలం కాబట్టి. తలా ఒక సీసా అంటే ఏడాది తిరిగేసరికి ఎన్ని లారీలవుతుందో లెక్క వేసుకోండి.

ఖాళీగా పడి ఉన్న నేలే కదా, మొక్కలు నాటితేనో, ఏదైనా కడితేనో తప్పేంటి?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు చెడ్డవాళ్లేమీ కాదు. మనకు పచ్చగా లేనిదల్లా బంజరే అని అలవాటు. కానీ ఇక్కడ విలువైనది ఆ బోసి గోడలే. వరసగా సరుగుడు మొక్కలు వేస్తే వేళ్లు పొరలను చీలుస్తాయి, రాలిన ఆకులు గోడలను కప్పేస్తాయి, కొన్నాళ్లకు అది ఇంకో సరుగుడు తోట మాత్రమే అవుతుంది. చదును చేస్తే అసలుకే మోసం. నీళ్లు పారే దారిని ఒకచోట పూడ్చితే, ఆ నీరు కొత్త దారి వెతుక్కుంటూ వేరేచోట గోడను కోస్తుంది.

ఇంకో సంగతి. ఈ వదులు ఇసుక వాన నీటిని గటగటా తాగేస్తుంది. అలా భూమిలోకి దిగిన మంచినీరే సముద్రపు ఉప్పునీరు లోపలికి రాకుండా అడ్డుకుంటుంది. చుట్టుపక్కల బావుల సంగతి దీంతో ముడిపడి ఉంది. 2024 జులైలో ఈ ప్రాంతంలో యంత్రాలతో తవ్వకాలు జరిగాయని బయటపడినప్పుడు విశాఖలో అంత దుమారం రేగింది అందుకే. గుర్తింపు బోర్డు ఒక్కటే దిబ్బలను కాపాడదని అప్పుడు అందరికీ అర్థమైంది.

భీమిలిలో భోజనం, చేపలు?

దిబ్బలు చూసి, ఎండ ముదరకముందే భీమిలి వెళ్లిపోండి. వేటకు వెళ్లిన పడవలు వచ్చే వేళకు ఒడ్డున ఉంటే వలల్లోంచి చేపలు విదిలించడం, తట్టల్లో పోసి వేలం పాడటం అన్నీ కళ్ల ముందే జరుగుతాయి. వంజరం, చందువ, కానాగంతలు, కవళ్లు, నెత్తళ్లు, ఏది దొరికితే అది. బేరం ఆడండి, కానీ మాల్‌లో ధర అడక్కుండా కొని ఇక్కడ పదిరూపాయల దగ్గర గొడవ పడటం బాగోదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలమని. మరబోట్లు కదలవు. ఇంజన్ లేని తెప్పల మీద వెళ్లేవాళ్లకు దొరికింది మాత్రమే ఒడ్డుకొస్తుంది. ఆ రోజుల్లో వెళ్లి "వంజరం లేదా?" అని మొహం చిన్నబుచ్చుకోకండి.

సముద్రంలో దిగవచ్చా?

పాదాలు తడుపుకోండి, చాలు. ఈ తీరం చాలాచోట్ల ఒక్కసారిగా లోతవుతుంది, వెనక్కి లాగే అల బలంగా ఉంటుంది. ఈత వచ్చు అనే ధీమాతో దిగకండి. ఎక్కడ దిగవచ్చో జాలరిని అడగండి, వద్దంటే వద్దనే.

అదే రోజు ఇంకేం చూడొచ్చు?

దారిలో మంగమారిపేట దగ్గర అలలు కోసిన సహజ శిలా తోరణం ఉంది. అది నిజంగా రాయే. ఆటు వేళ, నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు దగ్గరికెళ్లి చూడొచ్చు. పోటు వేళ దూరం నుంచే. దాని పైన కొండ మీద తొట్లకొండ బౌద్ధారామం. 1976లో నౌకాదళం వాళ్లు సర్వే చేస్తుండగా బయటపడింది. రెండు వేల ఏళ్ల కిందటి భిక్షువులు సముద్రం కనిపించే గదులే ఎంచుకున్నారు, వాళ్లకూ టేస్ట్ ఉంది.

భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, డచ్చివాళ్ల సమాధులు, పావురాళ్లకొండ బౌద్ధ క్షేత్రం ఉన్నాయి. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. అన్నీ ఒకే రోజులో దంచేయాలని చూడకండి. దిబ్బలకు రెండు మూడు గంటలు కేటాయించి, ఇంకొక్కటి కలుపుకుంటే రోజు నిండుతుంది. పొద్దున్న దిబ్బలు, పదకొండుకు అరకు అని ప్లాన్ వేసుకొచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

బట్టలకు అంటిన ఎర్రమట్టి పోతుందా?

తడి మీద రుద్దితే పోదు, ఇంకా లోపలికి దిగుతుంది. ముందు పూర్తిగా ఆరనిచ్చి గట్టిగా దులపండి. తరవాత చల్లటి నీళ్లలో సబ్బుతో ఉతకండి, వేడినీళ్లు వద్దు. తెల్ల నూలు బట్ట మీద ఇంకా చార మిగిలితే నిమ్మరసం, ఉప్పు రాసి కాసేపు ఎండలో పెట్టి మళ్లీ ఉతకండి, ఇనుప తుప్పు మరక కాబట్టి పులుపుకు చాలావరకు వదులుతుంది. రంగు బట్టల మీద నిమ్మరసం ప్రయోగం చేయకండి, రంగు కూడా దాంతోపాటే పోతుంది. బూట్లలో ఇసుక మాత్రం ఇంకో వారం రాలుతూనే ఉంటుంది.